నీలిదీపం కింద రెండు రోజులు

వైద్యం గురించి రాయటానికి నాకు ఏ అధికారమూ లేదు. నేను తెలుగు చెప్పుకుని బతికేదాన్ని. అయినా ఒక దీపం గురించి రాయవలసివచ్చింది. 2019 ఫిబ్రవరిలో నా కూతురు ఆ దీపం కింద రెండు పగళ్ళూ రెండు రాత్రులూ పడుకుంది. అట్లా పడుకోబెట్టటానికి ఒప్పుకుంటూ సంతకం చేసింది నేనే. కాగితం చదవకుండా చేశాను. ఒక పద్యానికి ఇద్దరు వ్యాఖ్యాతలు చెప్పిన అర్థాలు సరిచూసుకోకుండా క్లాసుకు వెళ్ళని మనిషిని, నా పిల్ల ఒంటికి సంబంధించిన కాగితంలో ఒక్క వాక్యం కూడా చదవలేదు.

కాన్పయిన మూడో రోజు అది. డాక్టరు పిల్ల నుదుటిమీద వేలు నొక్కి తీసి, ఆ చోటు చూసి, "కొంచెం పసుపుందమ్మా, లైటు కింద పెడదాం, ఎందుకైనా మంచిది" అన్నారు. రక్తపరీక్షలో అంకె 12.8 వచ్చింది. అది ఎక్కువో తక్కువో నాకు తెలియదు. అడగాలని కూడా తోచలేదు. పిల్ల నెలలు నిండి పుట్టింది, బరువు బాగానే వుంది, పాలు తాగుతున్నది. నా రక్తమూ దాని రక్తమూ ఒకే గ్రూపు. ఇవన్నీ లెక్కలోకి వచ్చే సంగతులని నాకు అప్పుడు తెలియదు.

బట్టలు విప్పి, కళ్ళకు నల్లటి గంతలు కట్టి, అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. పైనుంచి నీలపు వెలుతురు. మన ఆడవాళ్ళు దాన్ని "బాక్సులో పెట్టటం" అంటారు. ఆ వెలుతురులో పిల్ల ఒళ్ళు నీళ్ళలోంచి తీసినట్టు నీలంగా కనిపించింది. రెండు గంటలకొకసారి పాలివ్వటానికి సిస్టరు నన్ను లోపలికి పిలిచేది. మిగతా వేళంతా కిటికీ అద్దం ఇవతల కుర్చీలో కూచుని, చేతులు ఊరికే గాలిలో తడుముతున్న ఆ పసిదాన్ని చూస్తూ వుండేదాన్ని. భయపడ్డానని చెబితే అబద్ధం. నిజానికి నాకు కొండంత నిబ్బరం కలిగింది. ఎందుకంటే నేను అక్క కొడుకుని చూసినదాన్ని.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. ఖమ్మం జిల్లాలో ఒక పల్లెలో ఇచ్చారు. 2004లో దానికి రెండో కాన్పు. దానిది నెగటివు రక్తం. మొదటి కాన్పు తరవాత వెయ్యవలసిన ఇంజెక్షను ఎవరూ వెయ్యలేదు, వెయ్యాలని ఎవరూ చెప్పనూ లేదు. అట్లా జరిగితే తల్లి రక్తంలో పుట్టిన ప్రతికూల పదార్థాలు రెండో బిడ్డ ఎర్రకణాలను విరగ్గొడతాయి. పిల్లవాడు సాయంత్రం పుట్టాడు. మర్నాడు మధ్యాహ్నానికి ఒళ్ళు పసుపు తిరిగింది. పుట్టిన మొదటి రోజే పసుపు కనిపిస్తే అది ఎప్పుడూ ప్రమాదమేనని ఈనాడు ప్రతి వైద్యగ్రంథమూ చెబుతుంది. వాళ్ళ అత్తగారు మాత్రం "మా వైపు పోలిక, పసిమి ఛాయ" అని మురిసింది. చూడవచ్చిన అమ్మలక్కలు దిష్టిచుక్క పెట్టిపోయారు.

ఇక్కడ తెలుగు పంతులమ్మగా ఒక మాట చెప్పుకోవాలి. పసి, పసిమి, పసిడి, పసుపు, పసరు, పచ్చ – ఇవన్నీ ఒకే ధాతువు నుంచి పుట్టిన మాటలని భాషాశాస్త్రం పాఠంలో బోర్డుమీద వరసగా రాసి చూపిస్తాను. లేతదనమూ, పచ్చదనమూ, బంగారమూ, మంగళమూ ఒక్క మొలకలోంచి వచ్చాయని చెబితే పిల్లలు ముచ్చటపడతారు. నేనూ ముచ్చటపడ్డాను, చాలా ఏళ్ళు. ఆ మొలకలోంచే పసిరికలు కూడా వచ్చాయని చెప్పటం మాత్రం మరిచిపోయేదాన్ని. పసిబిడ్డ పచ్చగా వుండటం మన భాషలోనే అందంగా వుంది. ఆ అందం చాటున ఎంతమంది పిల్లలు చచ్చారో లెక్క పెట్టినవాళ్ళు లేరు.

మూడో రోజుకు పిల్లవాడు పాలు పట్టటం మానేశాడు. పక్క ఊరినుంచి ఎవరో వచ్చి తల్లికి పసరు పోశాడు, పిల్లవాడికి బొడ్డు పక్కన చిన్న వాత వేశాడు. అయిదో రోజున వాడు పిల్లికూన అరిచినట్టు సన్నగా, ఆపకుండా ఏడుస్తూ వెనక్కి విల్లులా వంగిపోయాడు. అప్పుడు పట్నం తీసుకువెళ్ళారు. ఒంట్లో రక్తం తీసి వేరే రక్తం ఎక్కించారు. ప్రాణం దక్కింది. కాని ఆ పసుపు అప్పటికే మెదడు లోపలికి ఇంకిపోయింది. ఈనాడు వాడికి ఇరవై దాటాయి. సరిగా వినిపించదు. కాళ్ళూ చేతులూ వాడి మాట వినవు, వాటిష్టం వచ్చినట్టు మెలికలు తిరుగుతాయి. కళ్ళు పైకి ఎత్తలేడు; ఆకాశం చూడాలంటే తల మొత్తం వెనక్కి వాల్చాలి. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. ఆ జబ్బులో వున్న క్రూరత్వం అదే. ఎడమచేతి వేలి కణుపుతో ఫోనుమీద ఒక్కొక్క అక్షరమే నొక్కి నాకు ఉత్తరాలు రాస్తాడు. నేను రాసిన వ్యాసాల్లో తప్పులు పడతాడు.

ఈ పిల్లవాడిని ఎరిగిన మనిషిని గనక, నా పిల్లకు దీపం పెడతామంటే ఎందుకని అడగలేదు. కాగితం చూపిస్తే సంతకం చేశాను.

ఆ దీపం పుట్టుక కూడా ఒక కథే. 1956లో ఇంగ్లండులో ఎసెక్స్ ప్రాంతంలోని రోచ్‌ఫర్డ్ జనరల్ ఆసుపత్రిలో నెలతక్కువ పిల్లల వార్డు సిస్టరు వార్డ్ అనే ఆవిడ చేతిలో వుండేది. చంటిపిల్లలకు గాలీ ఎండా తగలాలని ఆవిడ నమ్మకం. వెచ్చటి రోజుల్లో వాళ్ళను ఆసుపత్రి పెరట్లోకి తీసుకువెళ్ళి పడుకోబెట్టేది. ఒకనాడు డాక్టర్లు వార్డు చూడవచ్చినప్పుడు ఒక బిడ్డను విప్పి చూపించింది. ఒళ్ళంతా పసుపు తగ్గింది, ఒక ముక్కోణపు మచ్చ మేర మాత్రం చిక్కగా పసుపు వుండిపోయింది. దుప్పటి మడత కప్పిన మేర అది. ఎండ తగిలిన చోట పసుపు విరిగింది, తగలని చోట నిలిచింది. ఇది జరిగిన తరవాత ఒక బిడ్డ రక్తపు గొట్టం పరీక్షశాల కిటికీలో ఎండలో వుండిపోయింది. తీసి చూస్తే అందులో పచ్చపదార్థం వుండవలసినదానికంటె బాగా తగ్గిపోయింది. ఈ రెంటినీ జతచేసి నీలపు గొట్టపుదీపాలతో ఒక పరికరం తయారుచేసి, 1958లో లాన్సెట్ పత్రికలో క్రెమర్, పెరీమన్, రిచర్డ్స్ అనే ముగ్గురు వ్యాసం ప్రకటించారు. సిస్టరు వార్డ్ పేరు ఆ ముగ్గురి సరసన లేదు. బిడ్డను విప్పి చూసినది ఆవిడ. సాహిత్య చరిత్రలో దంపుళ్ళ పాటలు కట్టినవాళ్ళ పేర్లు లేనట్టే ఇదీను.

ఆ వ్యాసాన్ని పదేళ్ళపాటు అమెరికాలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1968లో అమెరికాలో వెర్మాంటు రాష్ట్రపు వైద్యుడు లూసీ, నెలతక్కువ పిల్లలను రెండు జట్లుగా చేసి పరీక్షించి దీపం పనిచేస్తుందని రుజువుచేసిన తరవాత అది లోకమంతా వ్యాపించింది. చేసే పని చూడటానికి చాలా చిన్నది. పాత ఎర్రకణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పచ్చపదార్థం పుడుతుంది. దాన్ని నీళ్ళలో కరిగే రూపానికి మార్చి బయటికి పంపటం కాలేయం పని. పసిబిడ్డ కాలేయం ఆ పనికి ఇంకా అలవాటుపడి వుండదు. నీలికాంతి చర్మంలోకి వెళ్ళి ఆ పదార్థపు అణువును మెలితిప్పుతుంది. మెలి తిరిగినది కాలేయం సాయం లేకుండానే పైత్యరసంలోనూ మూత్రంలోనూ పోతుంది. ఇందులో ఎక్స్‌రే లేదు, అతినీలలోహిత కిరణాలు లేవు. మనం కంటితో చూసే వెలుతురే. దీపం వచ్చాక పసిబిడ్డల రక్తం మార్చవలసిన అవసరం చాలావరకు పోయింది.

ఇట్లాంటి దీపాన్ని అనుమానించవలసిన రోజు వస్తుందని నేననుకోలేదు.

2022లో మా కాలేజీ అటెండరు మనవడికి, నాలుగేళ్ళవాడికి, రక్తపు కాన్సరు అని తేలింది. స్టాఫంతా చందాలు వేసుకుని ఇవ్వటానికి వాళ్ళింటికి వెళ్ళాం. వాడి తల్లి ఇరవై నాలుగేళ్ళ పిల్ల. డబ్బు పుచ్చుకుని పక్కన పెట్టి, నన్నొక్కదాన్నీ వంటింట్లోకి పిలిచి మెల్లిగా అడిగింది: "మేడం, వీడు పుట్టినప్పుడు మూడు రోజులు బాక్సులో పెట్టారు. దానివల్ల వచ్చిందా? ఆసుపత్రిలో అడిగితే నవ్వారు."

నేను కూడా నవ్వి వుండేదాన్నే. కాని ఆ పిల్ల ముఖం చూసి నవ్వలేకపోయాను. కనుక్కుని చెబుతానన్నాను. ఇంటికి వచ్చి వెతకటం మొదలుపెట్టాను. వెతికితే ఆ ప్రశ్న నవ్వవలసినది కాదని తేలింది.

2016లో అమెరికా శిశువైద్యుల పత్రికలో రెండు వ్యాసాలు ఒకేసారి వచ్చాయి. చాలావరకు ఒకే బృందం చేసిన పని అది. మొదటిది కాలిఫోర్నియా రాష్ట్రంలో పుట్టిన 51,44,849 మంది పిల్లల లెక్క. వాళ్ళలో 1,78,017 మంది దీపం కింద పడుకున్నవాళ్ళు. ఏడాది వయసులోపల కాన్సరు వచ్చినవాళ్ళు దీపం కింద పడుకున్నవాళ్ళలో 58 మంది, మిగతావాళ్ళలో 1,042 మంది. అంటే లక్షకు అటు 32.6, ఇటు 21. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పక్కనే పడుకున్న పిల్ల పొట్టమీద చెయ్యి వేసి, అందులో ఏదైనా గడ్డ తగులుతుందేమోనని తడిమాను. మూత్రపిండాల కాన్సరు, ఒక రకం రక్తపు కాన్సరు ఆ పిల్లల్లో ఎక్కువ కనిపించాయని ఆ వ్యాసంలో వుంది మరి.

మర్నాడు ఆ అంకెలను గణాంకశాస్త్రం చెప్పే మా మాస్టారి ముందు పెట్టాను. ఆయన నిదానపు మనిషి. చాక్‌పీసు తీసుకుని, "మేడం, గొడుగులు పట్టుకున్నవాళ్ళు ఎక్కువ తడిశారని ఒకడు లెక్క తీశాడనుకోండి. గొడుగు తడుపుతుందని రాస్తారా?" అన్నారు. వాన వున్నచోటే గొడుగు వుంటుంది. దీపం కింద పెట్టిన పిల్లలు మొదటినుంచీ మామూలు పిల్లలు కారు. వాళ్ళలో నెలతక్కువవాళ్ళు ఎక్కువ, పుట్టుకతో లోపాలున్నవాళ్ళు ఎక్కువ. డౌన్ సిండ్రోము పిల్లలకు కామెర్లూ ఎక్కువే. రక్తపు కాన్సరు ప్రమాదం, దీపం వున్నా లేకపోయినా, ఎన్నో రెట్లు ఎక్కువ. ఇవన్నీ తూకం వేసి సరిచేస్తే ఆ వ్యాసకర్తలకే తేడా దాదాపు ఒకటిన్నర రెట్ల నుంచి 1.4 రెట్లకు తగ్గింది. తగ్గింది గాని పోలేదు. రెండో వ్యాసం ఉత్తర కాలిఫోర్నియాలో ఒక వైద్యసంస్థ కింద పుట్టిన దాదాపు 5 లక్షల మంది పిల్లలను ఇంకా ఎక్కువ కాలం చూసింది. అక్కడ అన్నీ సరిచేశాక మిగిలిన తేడా, యాదృచ్ఛికం కావచ్చుననే స్థాయికి పడిపోయింది.

"అయితే దీపం నిర్దోషి అన్నమాట" అన్నాను.

"అట్లా అని కూడా రాయలేదు వాళ్ళు" అన్నారు మాస్టారు. "వున్నా పెద్దది కాదు అని మాత్రమే చెప్పగలిగారు. 1.4 అన్నదే నిజమనుకోండి, అదంతా దీపం తప్పే అనుకోండి, లక్షమందికి ఎంతమంది ఎక్కువ?" నేను లెక్కవేశాను. ఎనిమిది. పన్నెండువేల మందిలో ఒకరు.

పన్నెండువేలలో ఒకరు అంటే ఎంత? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం బాధించింది. అంకెగా చూస్తే దుమ్ము. తల్లిగా చూస్తే కొండ. అటెండరు కోడలికి మాత్రం ఆ అంకెల్లోంచే ఒక జవాబు దొరికింది. కాన్సరు వచ్చిన ఆ 1,100 మంది పిల్లల్లో 1,042 మంది దీపం ముఖం చూడనివాళ్ళే. ఇది చెప్పి, "నీవల్ల గాని, నువ్వు ఒప్పుకున్నదానివల్ల గాని వచ్చిందని చెప్పటానికి ఏ ఆధారమూ లేదమ్మా" అన్నాను. ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కూచున్నది. ఆ కుర్రవాడి చికిత్స పూర్తయింది, బడికి పోతున్నాడు.

నాకు మాత్రం అంత సులువుగా వదల్లేదు. 2019లో, అంటే నా పిల్ల పుట్టిన ఏడే, కెనడాలోని క్యుబెక్ నుంచి ఇంకొక లెక్క వచ్చింది. దాదాపు 7,87,000 మంది పిల్లలు. దీపం పెట్టినవాళ్ళకీ పెట్టనివాళ్ళకీ మొదటి ఏళ్ళలో తేడా లేదట. నాలుగు నుంచి పదకొండేళ్ళ మధ్య మాత్రం గడ్డలుగా ఏర్పడే కాన్సర్లు ఒకటిన్నర రెట్లకు కొంచెం పైగా కనిపించాయట. నా పిల్లకు ఆరు దాటాయి. జ్వరం వస్తే నేను ఏమనుకుంటానో మా ఇంట్లో ఎవరికీ చెప్పను.

పసుపు మచ్చను సిస్టరు వార్డ్ చూసిన ఆ 1956లోనే, అదే ఇంగ్లండులో, ఆక్స్‌ఫర్డులో ఆలిస్ స్ట్యువర్ట్ అనే డాక్టరమ్మ ఇంకొక పని చేసింది. చిన్నపిల్లల్లో కాన్సరు మరణాలకు కారణమేమిటో వైద్యుల రికార్డుల్లో దొరకటం లేదు గనక తల్లులను అడగాలనుకున్నది. పిల్లలు పోయిన తల్లులకూ, పిల్లలు బతికివున్న తల్లులకూ ఒకే ప్రశ్నల జాబితా ఇచ్చింది. వైద్యులు మరిచిపోయినది తల్లులకు గుర్తుండవచ్చునని ఆవిడ ఊహ. గర్భిణిగా వున్నప్పుడు పొట్టకు ఎక్స్‌రే తీయించుకున్న తల్లుల పిల్లల్లో కాన్సరు దాదాపు రెట్టింపని తేలింది. అప్పట్లో గర్భిణులకు ఎక్స్‌రే తీయటం మామూలు పని. ఆవిడ మాట వైద్యలోకం ఒప్పుకోవటానికి ఇంచుమించు ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ ఇరవై ఏళ్ళూ గర్భిణులు ఎక్స్‌రే గదుల్లోకి వెళ్ళుతూనే వున్నారు. అంతకు ముందు దశాబ్దంలో నెలతక్కువ పిల్లలకు ప్రాణవాయువు ధారాళంగా ఇచ్చి, వాళ్ళను బతికించబోయి, వేలమందిని గుడ్డివాళ్ళను చేశారు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అందరూ పిల్లల మంచి కోరినవాళ్ళే.

అయితే ఎక్స్‌రే వేరు, నీలికాంతి వేరు. ఎక్స్‌రే అణువులను పగలగొట్టే శక్తి వున్న కిరణం. నీలికాంతికి ఆ శక్తి లేదు. కాని దీపం కింద వున్న పిల్లల రక్తకణాల్లో జన్యుపదార్థానికి కొంత దెబ్బ తగిలినట్టు కొన్ని పరిశోధనల్లో కనిపించింది. కణాలు ఇట్లాంటి దెబ్బలను తమంతట తామే సరిచేసుకుంటూ వుంటాయి కూడా. అంచేత ఎక్స్‌రే కథ చూపించి దీపాన్ని ఉరితియ్యటం తప్పు. నవ్వి పంపెయ్యటమూ తప్పే. అటెండరు కోడలు అడిగినది స్ట్యువర్ట్ జాబితాలో వుండదగిన ప్రశ్న. అది అడగటానికి ఆ పిల్ల ఒక తెలుగు పంతులమ్మను వంటింట్లోకి పిలవవలసివచ్చింది.

ఈ సంగతులన్నీ ఒక పండక్కి అక్కకు చెప్పాను. దానితో పంచుకుంటే బరువు తగ్గుతుందనుకున్నాను. అది పప్పు కడుగుతూ వింటున్నది. విని చెయ్యి ఆపింది.

"లక్షకి ఎంతమంది అన్నావు?"

"ఎనిమిదిమంది. అదీ ఖాయం కాదు."

"ఆ దీపం ఆ రోజు మావాడికి దొరికితే నేనీ లెక్క అడిగేదాన్నటే?" అన్నది. తరవాత చాలాసేపు నాతో మాట్లాడలేదు. ఆ సాయంత్రం పిల్లవాడు గదిలోనుంచి నాకు ఫోనులో రాశాడు: "పిన్నీ, అమ్మకు కోపం నీమీద కాదు."

నాకు సిగ్గువేసింది. నా భయం అక్క ముందు పెట్టదగినది కాదు. కాని ఆలోచిస్తే, అక్క కోపమూ నా భయమూ ఎదురెదురు పక్షాలు కావనిపిస్తుంది. అక్క కొడుక్కి దీపం కావలసినప్పుడు లేదు. నా కూతురికి అక్కర లేనప్పుడు వుంది. ఆ 12.8 అన్న అంకెను నేను తరవాత పట్టికల్లో వెతికాను. నెలలు నిండి, వేరే ప్రమాదమేదీ లేకుండా, మూడు రోజులు దాటిన పిల్లకు దీపం మొదలుపెట్టవలసిన గీత అంతకు ఎంతో పైన వున్నది. నేను వున్న నర్సింగ్‌హోములో దీపానికి రోజుకింత అని బిల్లు వేశారు. డాక్టరు డబ్బుకోసమే పెట్టారని నేను అనను. భయంవల్ల కూడా పెట్టి వుండవచ్చు, అలవాటువల్ల కూడా పెట్టి వుండవచ్చు. "ఎందుకైనా మంచిది" అనే మాటలో ఈ మూడూ కలిసిపోతాయి. ఆ మూడింటినీ విడదియ్యటానికి నేనొక ప్రశ్న వేసి వుంటే చాలేది: ఎంత దాటితే పెట్టాలి, మాది ఎంత? అక్క ఊరికి అప్పట్లో దీపం దగ్గరే లేదు. వున్నా, పసిమి చూసి మురిసే ఇంటికి అది వున్నదని తెలియదు. డబ్బున్నచోట అవసరానికి మించీ, లేనిచోట అవసరానికి అందకుండానూ వుండటం మన దేశంలో మందులకు కొత్త కాదు; దీపానికి మాత్రం వేరే న్యాయం ఎందుకుంటుంది?

2022లో అమెరికా శిశువైద్యుల సంఘం తన పట్టికలో దీపం గీతలను కొద్దిగా పైకి జరిపింది. అవసరమైనవాడికి ఆలస్యం చెయ్యవద్దు, అవసరం లేనివాడికి పెట్టవద్దు అని దాని సారాంశం. పాత గీతకు చాలా కింద వున్న పిల్లలకు "ఎందుకైనా మంచిది" అని దీపం పెట్టటం ఏ పట్టికలోనూ లేదు. నిన్న మొన్నటిదాకా ఆ అలవాటువల్ల నష్టమేమిటని అడిగితే జవాబు వుండేది కాదు. బిల్లు తప్ప నష్టం లేదనేవాళ్ళు. ఆ పన్నెండువేలలో ఒకరు అనే అనుమానం, నిజమైనా కాకపోయినా, ఇప్పుడు త్రాసులో ఒక పక్క వుంది. ఇరవై దాటిన అంకె ముందు అది లేచిపోతుంది. 12.8 ముందు దానికి బరువుంది.

ఇంకొకటి. కాలిఫోర్నియాలోనూ క్యుబెక్‌లోనూ ఈ లెక్కలు తియ్యగలిగారంటే, బిడ్డ పుట్టిన కాగితానికీ, పెట్టిన దీపానికీ, తరవాత వచ్చిన జబ్బుకూ అక్కడ ముడి వుండబట్టి. నా కూతురి డిశ్చార్జి కాగితం ఇప్పటికీ నా దగ్గర వున్నది. అందులో "కామెర్లు, లైటు పెట్టడమైనది" అని ఒక్క ముక్క వుంది. ఎన్ని గంటలు, ఏ అంకె దగ్గర మొదలు, ఏ అంకె దగ్గర ఆపారు – అన్నీ ఖాళీ. ఆ తరవాత పిల్లను చూపించిన ఏ డాక్టరూ ఆ కాగితం అడగలేదు. రేపు దానికి ఏదైనా జరిగినా, జరగకపోయినా, ఏ లెక్కలోకీ అది రాదు.

కిందటి వేసవిలో మా తమ్ముడు రాత్రి పది దాటాక ఫోను చేశాడు. వాడి భార్యకు కాన్పయి మూడో రోజు.

"అక్కా, పాప పసుపుగా వుంది. దీపం కింద పెట్టాలంటున్నారు. నువ్వు దాని గురించి ఏదో చదివావు గదా, వద్దనమంటావా?"

"అంకె ఎంత?"

"19.2."

"పుట్టి ఎన్ని గంటలయింది?"

వాడు లెక్క పెట్టుకుని "అరవై" అన్నాడు. ఎన్నో వారంలో పుట్టిందని అడిగాను, తల్లి గ్రూపు అడిగాను, పాలు తాగుతున్నదా, పిలిస్తే కళ్ళు తెరుస్తున్నదా అని అడిగాను. తాగటం తగ్గిందన్నాడు.

"ఇప్పుడే పెట్టించు. తెల్లారేదాకా ఆగవద్దు."

"మరి నువ్వేగదా అది మంచిది కాదన్నావు?"

"నేనట్లా అనలేదురా. ముందు పోయి సంతకం పెట్టు. చదివి పెట్టు, కాని ఆలస్యం చెయ్యకు. మళ్ళీ రక్తం ఎప్పుడు చూస్తారో అడుగు. తీసేసేటప్పుడు ఎన్ని గంటలు పెట్టారో కాగితం మీద రాయించుకో."

ఆ రాత్రి నేనూ పడుకోలేదు. తెల్లవారి 16.9 అని కబురు వచ్చింది. మర్నాడు సాయంత్రానికి 13. అప్పుడు తీసేశారట. కాగితం ఫోటో తీసి పంపాడు. డాక్టరు విసుక్కున్నాడట గాని రాసి ఇచ్చాడు: మొదలు 19.2, ఆపినది 13.1, దీపం కింద 31 గంటలు. దాన్ని అచ్చు తీయించి, నా కూతురి ఖాళీ కాగితం వున్న ఫైల్లోనే పెట్టాను.